సూదుల డబ్బా మోసినోడు

జూన్ 5, గురువారం

తొమ్మిదేండ్లయింది. ఇంకా గొంతులనే ఉన్నది. మింగుడు పడదు, బయటికి రాదు.

కాచిగూడల ఫంక్షన్ హాలు. నా కొడుకు సుధాకర్ లగ్గం. పిల్ల మేనమామ నా పక్కన వచ్చి కూసున్నడు — బావగారు ఏం సర్వీసు చేసిన్రు? నేను నోరు తెరిచేలోపల సుధాకర్ అందుకున్నడు. "మా నాయిన గవర్నమెంట్ ఆఫీసుల ఉండె."

ఆఫీసు. ముప్పై ఒక్క ఏండ్ల నౌకరిల నేను కుర్చీ మీద కూసున్న దినం లేదు. మొదలు దున్నపోతుల ఫారంల ఊడ్చుడు, కడుగుడు. తర్వాత సైకిలు. వెనుక దున్నపోతు విత్తనం ఉన్న నైట్రోజన్ డబ్బా, సంచిల చేతికి పొడుగు తొడుగులు, సబ్బుబిళ్ల. ఊరూరు తిరిగి బర్రెలకు సూదులేసిన. బోర్డు మీద కృత్రిమ గర్భధారణ కేంద్రం అని రాసి ఉంటుండె. ఊరోళ్లకు అది సూదుల దవాఖాన. నేను సూదుల కొమురయ్య. నా చేతి మీద పుట్టిన దూడలు ఎన్నో లెక్క లేదు. వాడు చదివిన ఎమ్మెస్సీ గూడ ఆ చేతి మీదిదే.

నా పనికి నీకెందుకు షరం అని నేను అడగలే. కొడుకును అడుగుతరా.

ఇయ్యాల తార్నాక మెట్రో కింద కొత్త ఫ్లెక్సీ కట్టిన్రు. వాడు చెప్పే కోచింగ్ సెంటర్‌ది. లెక్కల సుధాకర్ సార్. టై ఉన్నది. కొడుకు మొఖం అంత పెద్దగ ఎన్నడు చూడలే, నిలబడిపోయిన. ఆటోవాడు — జరుగు తాతా, సార్ యాడికి పోడు.

జూన్ 6

ఈ బుక్కు షుగర్ రాయనీకి. కోడలు స్వరూప తెచ్చింది. ఆమె యూనివర్సిటీ లైబ్రరీల కాంట్రాక్టు మీద పనిచేస్తది. ఒక పక్క అచ్చయిన కాయితాలు కుట్టించి ఇచ్చింది. రోజుకొక అంకె రాస్తే సాలు మామా అన్నది.

అంకె రాసినంక జాగ మిగుల్తంది. నాకు రాసుడు వచ్చింది రిజిస్టర్ల నుండే. తారీఖు, ఆసామి పేరు, బర్రె రంగు, దున్నపోతు నంబరు, ఫలితం. నాలుగో తరగతి ఇడిసిపెట్టినోనికి అదే పెద్ద రాత. నా అక్షరాలు నాకు తప్ప ఎవలికి తెల్వయి. మంచిదే.

182.

జూన్ 8, ఆదివారం

లిఫ్టు మల్ల ఖరాబు. మూడంతస్తులు. మోకాలు నాది కాదన్నట్టు ఉన్నది. 190.

జూన్ 11, బుధవారం

ఇజ్జత్ పోయే పని చేసిన.

పార్సిల్ వచ్చింది. ఫోన్ల నంబరు చెప్పి తీసుకున్న. నా షుగర్ పట్టీలు అయిపోయినయని స్వరూప మొన్న తెప్పిస్త అన్నది. అవే అనుకొని ఇప్పిన. లోపల పట్టీలు ఉన్నయి గని పొడుగున్నయి. కొత్త రకం కావచ్చు అనుకున్న. వేలు పొడుచుకొని రెత్తం రాసిన. మిషన్ల పెడ్తే పోతలేదు. మల్ల పొడుచుకున్న, ఇంకో పట్టీ. ఎర్రగ అంటుకున్నది గంతే, అంకె లేదు.

సాయంత్రం స్వరూప వచ్చి టేబుల్ మీద చూసింది. చూసి అట్లనే నిలబడ్డది.

"మామా, అవి నీ షుగర్‌వి గావు."

"మరి ఎవలియి?"

"నాయి."

డబ్బా మొత్తం తీసుకొని లోపలికి పోయింది. తీసుకునేటప్పుడు అడుగున ఉన్నది కనబడ్డది. సూది లేని పిచికారి. మూత ఉన్న కప్పులు, సీలేసి. నాకు అర్థమయ్యేటందుకు ఇంగ్లీషు అక్కరలేదు.

లోపట్నుంచి నవ్వుడు వినబడ్డది. కొంచెం సేపు. తర్వాత నవ్వుడు గాదు.

జూన్ 12

రెండు పట్టీలు ఖరాబు చేసిన. స్వరూప సుధాకర్‌కు చెప్పిందో లేదో... వాడు నా దిక్కు చూస్తలేడు. అంటే చెప్పింది.

జూన్ 15, ఆదివారం

పొద్దున వాకింగ్‌కు క్యాంపస్‌కు పోతుంటే స్వరూప చెప్పులేసుకున్నది. నేను గూడ వస్త మామా.

లైబ్రరీ దాటినంక రాతిబెంచీ. ఇద్దరం రోడ్డు దిక్కే చూసుకుంట కూసున్నం. కోడలి మొఖం చూసుకుంట మాట్లాడే ముచ్చట గాదు. దూరంగ నెమలి ఒకటి గడ్డిల తిరుగుతంది. ఇద్దరం దాన్నే చూసినం.

చెప్పింది. ఆగుకుంట ఆగుకుంట. నెలల కడుపు నిలిచే రోజులు రెండే. ఆ రోజు వచ్చిందంటే ఆయనకు చెమటలు మామా... పరీక్షకు కూసున్నట్టు. ఇగ కోపం. కోపం మీద మల్ల నెల పాయె.

నాకు తెలుసు. రెండు రూముల ఇల్లు, గోడ ఎంత మందం. పోయిన నెల విన్న — ఇయ్యాలనే అంటే ఎట్ల స్వరూపా, నేనేమన్న మిషన్‌నా.

"అందుకే ఇంట్లనే ఇట్ల చేసుకుందామన్నడు. కప్పుల పట్టి ఇస్తడు, నేను పిచికారితోని... చేసుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరట. ఎవలకు ఎవలు భయపడే పని లేదు."

నేనన్న — "దున్నపోతు గూడ అంతే బిడ్డా. ఫారంల అధికారులు చూడనీకి వస్తే నిలబడి ఆకాశం దిక్కు చూస్తుండె. ఎంత కొట్టినా కదలకపోతుండె. అందరు పోయినంక పని చేస్తుండె."

చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నెమలి ఎగిరిపోయింది.

"మామా, నీకు తెలిసిన పనే గదా. ఎప్పుడు చేస్తే నిలుస్తది?"

నీకు తెలిసిన పని. మా ఇంట్ల ఎవలు నాది గూడ ఒక పని అని తొమ్మిదేండ్ల సంది అనలే.

"బర్రె పొద్దున ఎదకొస్తే సాయంత్రం సూది, సాయంత్రమొస్తే తెల్లారి. మనుషులది నాకు తెల్వది. డబ్బా మీద ఏం రాసున్నదో అదే చెయ్."

"పట్టీ మీద గీత నల్లగైన రోజు, మర్నాడు అని ఉన్నది."

"మరి గదే. ఇంకొకటి. మేము లోపటిదాక పోతుంటిమి, అది చెయ్యి తిరిగినోళ్ల పని. నువ్వు ఆ గొట్టాన్ని ముంగటనే ఆపు. లోపలికి తోసుడు వద్దు. రోగం వస్తది."

రోడ్డు దిక్కు చూసుకుంటనే చెప్పిన. ఆమె రోడ్డు దిక్కు చూసుకుంటనే తలూపింది.



జూన్ 16

షుగర్ చూడలే. మరిచిన.

జూన్ 18, బుధవారం

పొద్దున ఆరు. బాత్రూంల నల్ల చప్పుడు. తలుపు తెరిసే ఉన్నది. సుధాకర్ కప్పు కడుగుతుండు. సబ్బునురుగు.

"ఏం చేస్తున్నవ్ రా?"

ఉలికిపడ్డడు. "ఏం లేదు. నువ్వు పో నాయినా."

"సీలు ఇప్పి మల్ల సబ్బు పెడ్తరా? దాన్ని పారెయ్. నీళ్ల చుక్క తగిలినా సస్తయి, సబ్బు తగిల్తే ఇగ చెప్పేదేమున్నది. ఇంకోటి తీయ్. పొడిగ ఉండాలె. చల్లటి తావున పెట్టకు, ఒంటి వెచ్చదనం ఉండాలె. ఎక్కువ సేపు ఉంచకు."

ఎర్రగైండు. మూడొందల మంది ముంగట మైకుల మాట్లాడేటోడు.

"బర్రెల ముచ్చట నాకు చెప్పకు నాయినా."

తలుపేసుకున్నడు.

నేను చెప్పులేసుకున్న. ఆ టైంల ఇంట్ల మూడో మనిషి ఉండొద్దు. గడప దాటుతుంటే లోపల సర్రుమని సీలు చింపిన చప్పుడు. ఇంకో కప్పు.

ఇన్నడు. నోటితోని ఒప్పుకోడు గని ఇన్నడు.

క్యాంపస్ల గంటన్నర తిరిగిన. ఇంత తిరుగుడు ఈ మధ్యల లేదు. వచ్చేసరికి వాడు క్లాసుకు పోయిండు. స్వరూప పండుకొని ఉన్నది, ఫ్యాన్ దిక్కు చూసుకుంట. చాయ్ పెట్టిచ్చిన.

"మామా నీకు చాయ్ పెట్టుడు గూడ వచ్చా?"

"తాగి చెప్పు."

తాగింది. "రాదు" అన్నది.

జూన్ 25

ఇంట్ల అందరు మెల్లగ నడుస్తున్నరు. గ్లాసు కింద పడ్డా తప్పు చేసినట్టు ఉంటంది. స్వరూప బిందె లేపబోతే సుధాకర్ ఉరికొచ్చి అందుకున్నడు. పెండ్లయిన కొత్తల గూడ వాడు బిందె ముట్టలే.

174.

జూలై 2, బుధవారం

పొద్దున స్వరూప తలస్నానం చేసింది. ఎవలేం చెప్పలే. వాడు టిఫిన్ తినకుండనే పోయిండు.

రాసిన — తిరగపొర్లింది.

కొట్టేసిన. అది బర్రెకు రాసే మాట. సూది నిలవక మల్ల ఎదకొస్తే రిజిస్టర్ల ఫలితం గడిల అదే రాస్తుంటి, ఏమనిపించకపోతుండె. ఇయ్యాల చెయ్యి రాసినంక కండ్లు చూసినయి.

నిలవలే.

జూలై 6, ఆదివారం

స్వరూప చిన్నమ్మ వచ్చింది. మౌలాలి గుట్టకు తీసుకపోయింది, దర్గాల చాదర్ మొక్కుకుంటే అయితదని. నేనొద్దన్న. స్వరూపనే — పోనీ మామా, ఎవలకేం నష్టం.

వచ్చినంక చిన్నమ్మ సోఫాల కూసోని కాళ్లు పిసుక్కుంట — "మా పిల్లకు చిన్నప్పటి సంది పొట్టల బలం లేదు అన్నయ్యా. మీ ఓపిక గొప్పది. వేరేటోళ్లయితే ఈపాటికి ఇంకో పిల్లను చూస్తుండిరి."

స్వరూప వంటింట్ల ఉన్నది. విన్నది. గిన్నెల చప్పుడు ఆగింది, మల్ల మొదలైంది.

ఆ గుట్ట మెట్లు నాకు తెలుసు. నా భార్య రాజవ్వ ఎక్కింది. జనగామల రైలెక్కి, మౌలాలిల దిగి, చెప్పులు లేకుండ. ఒక్కసారి గాదు. నేను కిందనే నిలబడి బీడీ తాగుతుంటి.

జూలై 9, బుధవారం

సజ్జ మీద పెట్టమని స్వరూప ఒక ఫైలు ఇచ్చింది. బరువున్నది. దవాఖాన ఫైలు.

"ఎన్ని పరీక్షలు బిడ్డా?"

"ఏడు."

"వానియి ఎన్ని?"

నేను స్టూలు మీద నిలబడ్డ, ఫైలు చేతులనే ఉన్నది.

"ముందుగాల దిగు మామా, పడ్తవు."

దిగిన. చెప్పింది. తార్నాకలనే ఒక దవాఖాన. డాక్టరమ్మ ఇద్దరికి రాసింది. ఈమెయి అయినయి. ఆయనది కప్పుల ఇచ్చే పరీక్ష ఒక్కటే. తీసుకునే కాడ కౌంటర్ల ఉన్న పిల్లగాడు లేసి నిలబడి దండం పెట్టిండట — సార్, మీరేంది గీడ? ఒకప్పటి స్టూడెంటు. సుధాకర్ మా నాయిన షుగర్ రిపోర్టుకు వచ్చిన అన్నడట. అంతే. ఇంకో దవాఖానకు పోదామన్నా రాలే. యాడ చూసినా నా పిల్లలే ఉంటరు అంటడట.

మల్ల నన్నే అడ్డం పెట్టిండు. ఆఫీసు పాయె, షుగర్ వచ్చె.

"ఇంట్లనే ఎందుకన్నడో ఇప్పుడు తెలిసిందా మామా? చెమటలు నిజమే. గని ఇంట్లయితే ఎవలు పరీక్ష అడగరు. కప్పుల ఏమున్నదో ఎవలు చూడరు."

నేను ఫారంల పదేండ్లు ఉన్న. దున్నపోతు ఎంత ఖరీదుదైనా కానీ, ఆ దినం తీసినదాన్ని డాక్టర్ సార్ మైక్రోస్కోపు కింద చూడకుండ విత్తనం పోసే స్ట్రా ఒక్కటి గూడ నింపలే. కదలిక లేకపోతే పారబోసుడే. ముందుగాల దున్నపోతును చూస్తరు. బర్రె సంగతి తర్వాత. ఇది గడ్డి కోసే కూలోనికి గూడ తెలుసు.

లెక్కల సార్‌కు తెల్వది.

జూలై 13, ఆదివారం

బోనాల డప్పులు, మైకులు. ఇంట్ల మాట వినబడదు. అదే మంచిదని వాన్ని చాయ్‌కు తీసుకపోయిన. మెట్రో కింద హోటల్. మా నెత్తి మీద వాని ఫ్లెక్సీ.

చుట్టు తిప్పుడు నాకు రాదు. "నీ పరీక్ష చేపించుకో" అన్న.

కప్పు కింద పెట్టిండు. "నీకు స్వరూప చెప్పిందా?"

"ఎవలు చెప్తేంది. విత్తనం చూడకుండ దున్నిందే దున్నుడు ఏంది? రెండు నెలల సంది ఆ పిల్ల..."

"మెల్లగ నాయినా."

"మెల్లగనే అంటున్న. డప్పుల నా మాట నాకే వినబడ్తలేదు."

కప్పును పక్కకు జరిపిండు. తర్వాత మెల్లగ, క్లాసుల చెప్పినట్టు — "నేను పుట్టింది మీ లగ్గమైన పన్నెండేండ్లకు. అప్పటిదాక నాయినమ్మ అమ్మను ఏమని పిలిచేదో నాకు అమ్మనే చెప్పింది. పండుగనాడు ముత్తైదుల పక్కన గూడ కూసోబెట్టకపోతుండిరట. అప్పుడు నువ్వు ఏం చేస్తుంటివి? నువ్వు చూపించుకున్నవా?"

"ఆ కాలంల..." అన్న.

చాయ్ తాగిన. చల్లగైంది.

లేసిండు. "నీకో న్యాయం, నాకో న్యాయమా" అనుకుంట పోయిండు.

జూలై 14

చూడలే. రాయలే.

జూలై 16, బుధవారం

గీత నల్లగైంది. స్వరూప నాకు చెప్పలే, పొద్దున్నే ఆమె మొఖం చూసి చెప్పులేసుకున్న.

వాన. క్యాంపస్ బస్టాపుల కూసున్న. పక్కన ఇద్దరు హాస్టల్ పిల్లలు, ఫోన్ల ఏదో చూసి నవ్వుతున్నరు. తాత, ఏ బస్సుకు? అన్నరు. ఏ బస్సుకు కాదన్న. తడవకుండ కూసో తాత అని జరిగిన్రు.

గంట. మల్ల మూడంతస్తులు.

జూలై 20, ఆదివారం

ఇద్దరు సరుకులకు పోయిన్రు. ఇంట్ల నేనొక్కన్నే. ఇది రాస్త. రాయకపోతే ఆ దినం హోటల్ల చాయ్ లెక్క లోపల్నే చల్లగైతది.

చూపించుకున్నవా అని అడిగిండు గదా. చూసుకున్న.

ఎవలకు తెల్వది. ఫారంల ఉన్నప్పుడు. లగ్గమై ఆరేండ్లు. డాక్టర్ సార్ అన్నానికి పోయిండు. గాజుబిళ్లలు కడిగేది నేనే, రూం తాళం నా కాడనే. లోపల గడియ పెట్టిన. దున్నపోతుది ఎట్ల ఉంటదో సార్ నాకు ఎన్నోసార్లు చూపిచ్చిండు. మబ్బులు కదిలినట్టు, గంజి ఉడికినట్టు ఉంటది. నాది గూడ అట్లనే ఉంటదనుకొని, బిళ్ల మీద పెట్టి మైక్రోస్కోపుల కన్ను పెట్టిన.

తెల్లగ ఖాళీ. ఆడొకటి ఈడొకటి. ఒకటి ఉన్న కాడనే గుండ్రంగ తిరుగుతంది, తొవ్వ తెల్వనట్టు.

బిళ్ల కడిగిన. ఆరినంక మల్ల కడిగిన. సార్ వచ్చి, ఏం కొమురయ్య చెమటలు పెడ్తున్నయి అన్నడు. ఎండ సార్ అన్న.

ఇంటికి పోయిన. రాజవ్వ ఒక్కపొద్దు ఉన్నది. శనివారాలు మొక్కిండె. నాకు వడ్డించి తను నీళ్లు తాగి కూసున్నది. మా అమ్మ గడపకాడ ఆమెను వినబడేటట్టు ఏదో అంటంది. నేను తిన్న. చేతులు కడుక్కున్న. పండుకున్న.

ఆ తర్వాత ఆరేండ్లకు సుధాకర్ పుట్టిండు. ఆ ఆడొకటి ఈడొకటిలనే ఒకటి చేరింది కావచ్చు. ఆరేండ్లు రాజవ్వ మెట్లెక్కింది. ఒక్క మాట చెప్తే దిగేది. చెప్పలే. పుట్టినంక చెప్పుడు ఎందుకు అనుకున్న. ఆమె పోయేదాక చెప్పలే.

ఊర్ల సగం మంది నా చేతిల అన్నం ముద్ద తినకపోదురు, బర్రెల చెయ్యి అని. నా కొడుకు గూడ చిన్నప్పుడు తినలే. రాజవ్వ తినేది.

ముప్పై ఒక్క ఏండ్ల రిజిస్టర్ల ఆ ఒక్క పరీక్ష లేదు.

జూలై 21

210.

జూలై 30, బుధవారం

నిలవలే.

సాయంత్రం స్వరూప బాల్కనీల బట్టలు తీసుకుంట — "ఇంకొక్కసారి చేస్త మామా. కప్పు గూడ ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత డబ్బా పారేస్త. దవాఖాన వద్దు, దర్గా వద్దు."

"వాని మీద కోపమా?"

"కోపం యాడిది. అలిసిపోయిన. ముప్పై మూడేండ్లకే నీ మోకాళ్ల లెక్క అయిన."

నవ్వుదామని అన్నది. నవ్వు రాలే ఇద్దరికి.

ఏడు పరీక్షలైన పిల్ల. అలుపు ఆమెకు, చెడ్డపేరు ఆమెకు.

ఆగస్టు 2, శనివారం

పోయిన. ఒక్కన్నే. ఆ దవాఖాన గాదు, మెట్రో అవతలి పక్క వేరే ల్యాబు. టోకెన్ తీసుకొని ఆడపిల్లలు, మొగపిల్లల నడుమ కూసున్న. కౌంటర్ల ఉన్న పిల్ల — ఏం టెస్ట్ తాతా, షుగరా?

"మొగోళ్లది. కప్పుల ఇచ్చేది."

నా దిక్కు చూసింది. వెనుకటోడు దగ్గిండు.

"నాది గాదు, నా కొడుకుది. ఇంటికాడ పట్టి తేవచ్చునా?"

తేవచ్చునట. ల్యాబు కప్పు ఇస్తరు. ముందు మూడు దినాలు దూరం ఉండాలె. పేరు, టైము రాసి అంటించాలె. అరగంటల తేవాలె, మహా అంటే గంట. ఫ్రిజ్జుల పెట్టొద్దు తాతా, ఎండల పెట్టొద్దు, లోపలి జేబుల ఒంటికి ఆనిచ్చి తీస్కరా. మనిషే రావాల్నని లేదు, ఇంటోళ్లు తెచ్చినా తీసుకుంటం, ఆధార్ జిరాక్సు పెట్టు.

నాకు చెప్తంది. ఒంటికి ఆనిచ్చి తేవాల్నట.

"తెలుసు బిడ్డా" అన్న.

కప్పు తీసుకున్న. మా ఇంటికాడికి నా నడకతోని పదకొండు నిమిషాలు. లిఫ్టు ఖరాబున్నా పదిహేను.

ఆగస్టు 3, ఆదివారం

చెప్దామనుకున్న. వాడు పేపర్లు దిద్దుతుండు. ఎదురుంగ కూసున్న. ఏంది నాయినా? అన్నడు. ఏం లేదు, ఫ్యాన్ చప్పుడైతంది అన్న. స్టూలెక్కి ఫ్యాన్ చూసిండు.

పని లేని ఫ్యాన్ను పావుగంట బాగు చేసిండు పాపం.

నోరు రాదు నాకు. రాతనే అంతో ఇంతో వస్తది.

ఆగస్టు 7, గురువారం

మూడు దినాలు కూసోని చీటి రాసిన. అక్షరాలు పెద్దగ, విడివిడిగ, వానికి తెల్వాల్నని. మూడు కాయితాలు చించిన. పొద్దున వాని టిఫిన్ సంచిల డబ్బా కింద పెట్టిన, రొట్టెల నూనె అంటకుండ. రాత్రి డబ్బా వచ్చింది, చీటి లేదు. అన్నం తినుకుంట రెండుసార్లు నా చెయ్యి దిక్కు చూసిండు.

ఏం రాసిన్నో గీడ మల్ల రాసుకుంటున్న. రేపు కాదన్నా, అట్ల రాయలేదన్నా, నా కాడ ఉండాలె.

సుధాకర్‌కు.

తొమ్మిదేండ్ల కింద నన్ను ఆఫీసుల కూసోబెట్టినవు. అది నా మనసుల ఉన్నది. ఉండనీ. దాని కన్న పెద్ద అబద్ధంల నేను మీ అమ్మను కూసోబెట్టిన. చూపించుకున్నవా అని అడిగినవు గదా. చూసుకున్న. నేనే, ఫారంల మైక్రోస్కోపు కింద. మంచిగ లేకుండె. ఎవలకు చెప్పలే. మీ అమ్మ మాట పడుతుంటే అన్నం తిన్న. ఆరేండ్లకు నువ్వు పుట్టినవు. అంటే తక్కువున్నా పుడ్తరు. ఇప్పుడు మందులున్నయి, తొవ్వలున్నయి. గని చూడకపోతే ఏ తొవ్వనో ఎవలకు తెల్వది.

కప్పు బీరువాల నా దోతుల కింద ఉన్నది. ల్యాబు కప్పు. కడగకు.

నువ్వు యాడికి రావద్దు. మూత పెట్టి, పేరు రాసి తలుపు బయట పెట్టు. నేను మోస్త. ముప్పై ఒక్క ఏండ్లు మోసినోన్ని, అరగంటల చేరుస్త. అడిగినోళ్లకు నేనే చెప్పుకుంట. నా ఫోటో ఏ ఫ్లెక్సీ మీద లేదు.

ల్యాబు సోమవారం పొద్దున ఏడింటికి తీస్తరు. రేపటి సంది మూడు దినాలు దూరం ఉండు. పదమూడుకు స్వరూప పట్టీ మీద గీత మల్ల నల్లగైతది, అది ఆఖరిదని ఆమె అన్నది. ఆ పిల్ల ఏ మెట్లు ఎక్కొద్దు ఇగ.

ఔనన్నా కాదన్నా నాకు నోటితోనే చెప్పు. స్వరూపతోని చెప్పియ్యకు. ఆదివారం, పదో తారీఖు, పొద్దుమూకేలోపల.